చల్లని ఇంజను పక్షోత్సవాలు

పికప్పు వయసు పదిహేడేళ్లు. సూపరింటెండెంట్ పినాకపాణి నినాదాలు రాయడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. రెండూ అరిగిపోయినవే గాని, ఆ సంగతి పికప్పుకే తెలుసు. ఎత్తు కనబడితే చాలు, మూలుగుతుంది. పినాకపాణికి మాత్రం ఎత్తుగా ఏ గోడ కనబడినా ఉత్సాహం వస్తుంది, దానిమీద ఏదైనా రాయించవచ్చని.

ఆయన పనిచేసేది పట్టుపురుగు పిల్లల్ని పెంచి రైతులకు పంచే కార్యాలయం. గుడ్డులోంచి బయటికొచ్చిన పురుగుల్ని రెండు జ్వరాలు దాటేదాకా అక్కడి చల్లటి గదుల్లో పెంచుతారు. పురుగు పాత పొర విడిచే దశను పట్టు రైతులు జ్వరమంటారు. రెండో జ్వరం దాటాక ట్రేలకెత్తి, పికప్పులో పెట్టి, రైతుల ఇళ్లకు చేరుస్తారు. ఈ పని గురించి పినాకపాణి రాసిన నినాదాల్లో ‘పురుగే ప్రగతి’ అన్నది ఆయనకు ప్రాణం. అది ప్రహరీగోడకెక్కిన వారానికే ఎదురుగా ఉన్న టిఫిను హోటలాయన వచ్చి, దయచేసి దాన్ని తనవైపు గోడమీంచి ఇంకోవైపుకు మార్చమని బతిమాలుకున్నాడు. సాహిత్యం అందరికీ ఎక్కదని పినాకపాణి సరిపెట్టుకున్నాడు.

పికప్పు డ్రైవరు ఫకీరప్ప. ఆ బండి వేడెక్కుతుందని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. ఎండ రాకముందే, తెల్లారేసరికి బయల్దేరేవాడు. సీటు వెనక ఇరవై లీటర్ల నీళ్ల క్యాను, తడిపిన గోనెసంచులు పెట్టుకునేవాడు. తొండలదిన్నె ఎక్కేముందు వేపచెట్టు కింద ఆగి, డాష్‌బోర్డు మీది వేడి ముల్లు కిందికి దిగేదాకా ఒక బీడీ కాల్చి, మళ్లీ రెండో గేరులో మెల్లగా ఎక్కించేవాడు. పురుగులు ఏనాడూ వాడిపోలేదు.

ఆ వేసవిలో ముల్లు ఒక బీడీకి దిగడం మానేసింది. రెండు పట్టేవి. ఫకీరప్ప ఒక తెల్లకాగితం మీద రెండు ముక్కలు రాసిచ్చాడు: ‘రేడియేటరు దుమ్ముతో మూసుకపోయినది, కడిగించవలెను. ఫ్యాను బెల్టు సాగినది, మార్చవలెను.’

ఆ కాగితం పినాకపాణి బల్లమీదికి వచ్చిన రోజే ప్రధాన కార్యాలయం నుంచి ఇంకో కాగితం వచ్చింది. ప్రతి కార్యాలయమూ ఏదేని ఒక వినూత్న కార్యక్రమమును పక్షం రోజులపాటు నిర్వహించి, ఫొటోలతో సహా నివేదిక సమర్పించవలెనని దాని సారాంశం. రెండు కాగితాలనూ ఒకే ఫైల్లో పెట్టడం పినాకపాణి చేసిన మొదటి తప్పు. వెతకబోయిన తీగ కాలికి తగిలిందని ఆ క్షణంలో ఆయన మురిసిపోయిన మాట వాస్తవం.

అసిస్టెంట్ డైరెక్టరు విద్యాధరరావు ఫైలు చదివి కళ్లజోడు తీశాడు. ఆయన ఇంట్లో ఉప్పడిగినా ఉత్తర్వులాగే అడుగుతాడని చెప్పుకుంటారు.

“మరమ్మతు అనునది మెకానిక్ స్థాయి అంశము పినాకపాణిగారూ. మనది విధాన స్థాయి. ఒక్క బండిని బాగుచేసినచో ఒక్క బండి మాత్రమే బాగుపడును. అవగాహన కల్పించినచో?”

“అన్ని బండ్లూ సార్.”

“మనకు ఎన్ని బండ్లు కలవు?”

“ఒకటే సార్.”

“అయిననూ,” అన్నాడు విద్యాధరరావు.

అలా చల్లని ఇంజను పక్షోత్సవాలు పుట్టాయి. రేడియేటరు కడిగించే అంశం మూడో దశలోకి వెళ్లింది. మొదటి దశ నినాదం. పినాకపాణి ఒక పూటంతా తలుపు వేసుకుని కూర్చుని, ‘చల్లని ఇంజను – చక్కని పాలన’ అని రాసుకొచ్చాడు. దాన్ని అయిదడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు ఫ్లెక్సీ మీద అచ్చువేయించాలని తీర్మానమైంది. కుడివైపు విద్యాధరరావు నవ్వుతున్న ఫొటో. అడుగున చిన్న అక్షరాల్లో ‘నినాద రచన: పినాకపాణి’.

ఎక్కడ కట్టాలన్న ప్రశ్న వచ్చింది. పక్కల కడితే ట్రేలకు గాలి అందదు. వెనక కడితే నంబరు కనబడదు. పైన కడితే కాకులు తప్ప ఎవరూ చదవరు.

“ముందు కడదాం సార్. అక్కడ ఖాళీయే. ఏదో జాలీ ఉందంతే,” అన్నాడు పినాకపాణి.

ఈ మాట ఆయనే అన్నాడు. తర్వాతి రోజుల్లో దీన్ని వేరెవరైనా అన్నారేమోనని ఎంత గుర్తుచేసుకున్నా, ఎవరూ తట్టలేదు.

ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. బంపరుకు కట్టిన రిబ్బను కత్తిరించి, టైరు ముందు కొబ్బరికాయ కొట్టి, ఇంజను చల్లబడటమనేది ఒక సంస్కృతి అని విద్యాధరరావు ప్రసంగించాడు. జనం తాగడానికి చల్లటి మజ్జిగ పోశారు. పికప్పుకు మాత్రం ఎవరూ చుక్క నీళ్లు పోయలేదు. దాని ముందు నిలబడి ఫొటో దిగాల్సిన వాళ్లు చాలామంది ఉన్నారు మరి.

మూడో రోజు ఫకీరప్ప వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“సార్, బండి ముందరకంటే ఎక్కువ కాగుతాండాది.”

“పథకం మొదలై మూడు రోజులేనప్పా. ఫలితానికి కొంచెం టైం పడుతుంది.”

“టైం గాదు సార్. ఆ ఫ్లెక్సీ గాలికి అడ్డం పడ్తాండాది. రేడియేటరుకు గాలి యాడినుంచి రావల్ల? మనిషికి ముక్కుకు గుడ్డ కట్టినట్లుండాది.”

పినాకపాణికి నవ్వొచ్చింది. అచ్చయిన అక్షరం వల్ల కీడు జరుగుతుందని ఆయన ఇరవై ఆరేళ్లలో ఎన్నడూ వినలేదు. “గాలి కంటికి కనబడదు ఫకీరప్పా. ఫ్లెక్సీ కనబడుతుంది. ప్రజలకు కనబడేది ముఖ్యం,” అన్నాడు. మాట బాగా కుదిరిందని డైరీలో రాసుకున్నాడు కూడా.

మర్నాటి నుంచి ఫకీరప్ప ఊరు దాటగానే ఫ్లెక్సీని చాపలాగా పైకి చుట్టి తాడుతో కట్టేవాడు. తిరిగొచ్చేటప్పుడు ఊరి మొదట్లో విప్పి కిందికి దించేవాడు. ముల్లు మళ్లీ ఒక్క బీడీ దగ్గరికొచ్చింది. ఇది తెలియని కార్యాలయం వేడి తగ్గిందని నివేదిక పంపింది. దానిమీద ప్రధాన కార్యాలయం నుంచి పరిశీలక బృందం వచ్చింది. నడుస్తున్న ఇంజను దగ్గర చెయ్యి పెట్టడం ప్రమాదకరం కనుక, నీడలో రాత్రంతా నిలిపి ఉంచిన బండిని ఉదయాన్నే పరీక్షించి, ఇంజను మిక్కిలి చల్లగా ఉన్నట్లు ధ్రువీకరించింది. ప్రశంసాపత్రమొచ్చింది. దాన్ని పెద్దదిగా చేయించి ఇంకో ఫ్లెక్సీగా మొదటిదానిమీద కట్టారు. ఇప్పుడు పికప్పు మూతిమీద రెండు పొరలయ్యాయి.

రెండు పొరలు చుట్టడం కష్టమై ఫకీరప్ప ఒకరోజు దించడం మరిచిపోయాడు. చుట్టిన ఫ్లెక్సీలో విద్యాధరరావు ఫొటో నుదురు మాత్రం బయటికి కనబడుతూ బండి బజారంతా తిరిగింది. సాయంత్రానికి సంగతి ఆయన చెవిన పడింది.

“ఇది నా ముఖమునకు జరిగిన అవమానముగా నేను భావించుట లేదు,” అన్నాడు విద్యాధరరావు, సరిగ్గా అలాగే భావిస్తూ. “నా హోదాకు జరిగినది. ఇకమీదట సదరు ఫ్లెక్సీని ఎవ్వరునూ కదల్చరాదు. మీరేమందురు?”

పినాకపాణి ఏమీ అనకుండా ఉంటే సరిపోయేది. కాని ఎన్నికల పెట్టెలకు సీలు వేసిన అనుభవం ఆయనకుంది. “నాలుగు మూలలా ఇనుప తీగ కట్టి లక్క సీలు వేద్దాం సార్. నేనే వేస్తాను. బయల్దేరేముందు చూసి సంతకం పెడతాను, తిరిగొచ్చాక చూసి సంతకం పెడతాను.”

ఆయన ఆఫీసుకు వచ్చేది పదిన్నరకు. కనుక తెల్లారేసరికి కదలాల్సిన పికప్పు పదిన్నరకు కదలసాగింది. ఎండ నడినెత్తికి చేరేసరికి అది దిన్నె దగ్గర ఉండేది.

మొదటి వారం నాలుగూళ్ల పురుగులు వాడిపోయాయి. రెండో వారం తిప్పమ్మ అనే రైతు కార్యాలయానికి వచ్చింది. దిన్నె అవతల ఎకరంన్నర మల్బరీ తోట ఆమెది. కొంగుముడి విప్పి, నల్లబడి వేలాడుతున్న పురుగులు నాలుగు పినాకపాణి బల్లమీద పెట్టింది.

“సార్, ఇవి మీరిచ్చినవే. నూరు తల్లులు పెట్టిన గుడ్ల పురుగు. ఇంటికొచ్చేతలికి సగం సచ్చిండె, మిగిలిన సగం ఆకు ముట్టలా. నేను ఆకు కోసి, తట్టలు కడిగి, సున్నం జల్లి పెట్టుకోనుంటి.”

“మళ్లీ ఇస్తాములేమ్మా. శుక్రవారం బ్యాచ్‌లో నీ పేరు రాస్తాను.”

“ఇస్తారు సరే. ఆకు ముదురుతాండాది సార్. శుక్రవారం పురుగు గూడా ఇట్లే వస్తే నేను తోట పీకేస్తా. తొమ్మిదేండ్లు పెంచినా ఆ తోటని. పీకినాక మళ్లా పెట్టే ఓపిక నాకు లేదు.”

ఆమె గొంతు పెంచలేదు. గోడమీద ‘పురుగే ప్రగతి’ అన్నదాన్ని కూడబలుక్కుని చదివి, బల్లమీది పురుగుల్ని మళ్లీ కొంగులో వేసుకుని వెళ్లిపోయింది. ఆరోజు పినాకపాణికి అన్నం సహించలేదు. నినాదం చదివి ఎవరైనా మెచ్చుకుంటారని ఎదురుచూశాడే గాని, ఇలా చదువుతారని అనుకోలేదు.

ఆ సాయంత్రం ఇంకోటి జరిగింది. తిరిగొచ్చిన పికప్పుకు నాలుగు సీళ్లలో మూడు లేవు. లక్క కారి బంపరుమీద ఎర్రగా గడ్డకట్టింది.

“నేను ముట్టలేదు సార్. కాకకు కరిగిపాయ,” అన్నాడు ఫకీరప్ప.

విద్యాధరరావు నమ్మలేదు. ప్రశంసాపత్రం ప్రకారం ఆ ఇంజను మిక్కిలి చల్లనిది. చల్లని ఇంజను దగ్గర లక్క కరుగుట శాస్త్రవిరుద్ధము. కనుక డ్రైవరు సీలు పగలగొట్టెను. ఫకీరప్పను ఎందుకు సస్పెండు చేయరాదో తెలుపవలసిందని మెమో తయారుచేయమన్నాడు. శుక్రవారం నాడు సూపరింటెండెంటే స్వయంగా బండిలో వెళ్లి, సీళ్లను దారిపొడుగునా కనిపెట్టి ఉండి, నివేదిక ఇవ్వవలెనని కూడా ఆదేశించాడు. మెమో పినాకపాణే రాశాడు. అందులో ఒక్క అక్షరదోషం లేదు.

శుక్రవారం పదిన్నరకు కొత్త సీళ్లు వేసి, సంతకం పెట్టి, పినాకపాణి ముందు సీట్లో కూర్చున్నాడు. వెనక తిప్పమ్మ పురుగుల ట్రేలు. మైలు కూడా పోకముందే ఆయన అరికాళ్లు కాలసాగాయి. కాళ్లు రెండూ సీటుమీదికి తీసుకున్నాడు.

“ముల్లు చూడండి సార్,” అన్నాడు ఫకీరప్ప.

ముల్లు ఎర్రగీత పక్కనుంది. దిన్నె మొదట్లోకి వచ్చేసరికి గీత దాటింది. బానెట్ సందుల్లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. ఫకీరప్ప బండిని వేపచెట్టు కిందికి తీసి ఆపాడు. పినాకపాణి గబగబా దిగి, తనకు తెలిసిన ఒకే ఒక్క మరమ్మతు చేద్దామని రేడియేటరు మూతమీద చెయ్యి వేయబోయాడు. ఫకీరప్ప ఆ చేతిని పట్టి వెనక్కి లాగాడు.

“ఇప్పుడు తీస్తే మొగమంతా ఉడికిపోతాది సార్. పక్కకు రాండి.”

ఆయన పక్కకు వచ్చి బండి ముందు నిలబడ్డాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో తన నినాదాన్ని అంత దగ్గరగా, అంతసేపు ఎప్పుడూ చూడలేదు. వేడికి ఫ్లెక్సీ ఉబ్బింది. విద్యాధరరావు బుగ్గలు రెండూ పొంగాయి. కుడిమూల సీలు మెత్తబడి, సాగి, ఆయన చూస్తుండగానే చుక్కగా కిందపడింది. తర్వాత ఎడమమూలది. ఎవరూ ముట్టలేదు. ముట్టడానికి అక్కడ ఫకీరప్ప కూడా లేడు, వెనక ట్రేలమీద తడి గోనెసంచులు కప్పుతున్నాడు.

దొంగను చూపించమంటే ఎవరో అద్దం చేతికిచ్చినట్టయింది పినాకపాణికి.

“ఎంతసేపుంటాయప్పా పురుగులు?” అని అడిగాడు.

“ఈ ఎండకా? గంట. అంతే సార్.”

“ఫ్లెక్సీ తీసేస్తే దిన్నె ఎక్కుతుందా?”

“ఎక్కుతాది. కానీ నేను తీయను సార్. నా మీద ఆల్రెడీ ఒక కాగితముండాది. మీరే రాసినారు.”

అందులో కోపం లేదు. కోపం ఉంటే పినాకపాణికి కాస్త తేలికగా ఉండేది. రిటైర్మెంటుకు రెండేళ్లుంది. సీలు వేసిన చెయ్యి సీలు తెంచితే ఏ నిబంధన కింద ఏమవుతుందో ఆయనకు కంఠతా వచ్చు. తిప్పమ్మ తోట పీకితే ఏ నిబంధన కింద ఏమీ కాదనీ తెలుసు. భయమేసింది. అయినా టూల్‌బాక్సులోంచి కటింగ్‌ప్లేయరు తీసుకుని తీగలు నాలుగూ కత్తిరించాడు. అక్షరాలు నేలమీద పడ్డాయి. వెనకాల బయటపడ్డ జాలీ నిండా దుమ్ము, రెక్కల పురుగులు, ప్రారంభోత్సవం నాటి బంతిపూల రేకులు.

ఫకీరప్ప ఇంజను చల్లబడనిచ్చి, గోనెగుడ్డతో మూత మెల్లగా తిప్పి, నీళ్లు కొంచెం కొంచెంగా పోశాడు. మిగిలిన నీళ్లతో జాలీ కడిగాడు. పినాకపాణి పుల్లతో బంతిరేకులు ఏరాడు. ఫ్లెక్సీలు రెండింటినీ ట్రేలమీద నీడగా కట్టారు. నినాదం ఆకాశంవైపు తిరిగింది. ఇన్నాళ్లకు అది నిజంగా ఏదో ఒకదాన్ని చల్లగా ఉంచింది.

పికప్పు రెండో గేరులో దిన్నె ఎక్కింది. ముల్లు సగం దాటలేదు. తిప్పమ్మ ట్రే మూత తీసి, లేత ఆకు తుంచి వేసి, వంగి చూసింది. ముగ్గురూ వంగి చూశారు. పురుగులు తలలెత్తి మెల్లగా ఆకు అంచు పట్టుకున్నాయి. ఆమె లోపలికి వెళ్లి ఇద్దరికీ చెంబుతో మజ్జిగ తెచ్చింది.

పినాకపాణి నివేదిక ఒక పేజీ. సీళ్లు వేడికి కరిగినవి, డ్రైవరు నిర్దోషి, ఫ్లెక్సీని నేనే తొలగించితిని. నినాదం లేకుండా ఆయన రాసిన మొదటి కాగితమది. విద్యాధరరావు రెండుసార్లు చదివాడు.

“లక్క కరుగుట వాతావరణమునకు సంబంధించిన విషయము. అది మన పరిధిలోనిది కాదు. కావున డ్రైవరుపై మెమో ఉపసంహరించడమైనది. కాని ఫ్లెక్సీ మాత్రము రేపటిలోగా యథాస్థానమున ఉండవలెను. ప్రశంస పొందిన పథకమును ఆపు అధికారము నాకు లేదు.”

కట్టవద్దని వేడుకుంటే లాభం లేదని పినాకపాణికి తెలుసు. ఆయన కూడా అటువైపు మనిషే, ఇరవై ఆరేళ్లుగా. కనుక ఆ భాషలోనే మాట్లాడాడు.

“తప్పకుండా సార్. కాని ఒక లోపం జరిగింది. ఫ్లెక్సీలో మీ ఫొటో ఉంది. డైరెక్టరు గారిది లేదు.”

విద్యాధరరావు చేతిలో పెన్ను ఆగింది. “ఇన్నాళ్లూ లేదా?”

“లేదు సార్. బృందంవారు గమనించలేదు, మన అదృష్టం. కొత్త ఫ్లెక్సీ వేయిద్దాం. వారి ఫొటో మధ్యలో ఉండాలి, హోదాకు తగ్గట్టు. నాలుగడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు. ఫొటో ప్రధాన కార్యాలయం నుంచి అధికారికంగా రావాలి. వచ్చేదాకా ఆ స్థానం ఖాళీగా ఉంచాలి.”

“తెల్లగానా?”

“తెల్లగా ఉంటే ఎవడైనా ఏదైనా రాస్తాడు సార్. కోసి ఉంచడం క్షేమం.”

విద్యాధరరావు చాలాసేపు ఆలోచించి, పినాకపాణి ముందుచూపును అభినందిస్తూ సంతకం పెట్టాడు.

కొత్త ఫ్లెక్సీ ఫొటోచట్రంలా వచ్చింది. పై అంచుమీద చీమల బారులా నినాదం, కింది మూలన తపాలా బిళ్లంత విద్యాధరరావు, మధ్యలో నాలుగడుగుల గాలి. ఆ ఖాళీలో ఏదైనా కట్టడానికి గాని, దాన్ని మూయడానికి గాని జిల్లాలో ఎవరికీ ధైర్యం లేదు. ఫొటో కోసం రాసిన ఉత్తరానికి, ఏ సైజు కావలెనో తెలుపుడని జవాబొచ్చింది. తెలిపేసరికి డైరెక్టరు బదిలీ అయ్యాడు. కొత్తాయన ఫొటో ఇంకా దిగవలసి ఉందట. సీలు అవసరం లేకపోయింది కనుక పికప్పు మళ్లీ తెల్లారేసరికి బయల్దేరుతోంది. మూడో దశ ఇంకా రాలేదు గాని, రేడియేటరును ఫకీరప్పే వారానికోసారి బావి దగ్గర కడుగుతున్నాడు.

నెలలోపే తిప్పమ్మ వచ్చి, గుప్పెడు తెల్లటి పట్టుగూళ్లు బల్లమీద, పోయినసారి చచ్చిన పురుగులు పెట్టిన చోటనే పెట్టింది. ఒకటి చెవి దగ్గర ఆడించి చూడమంది. లోపల గట్టిగా చప్పుడైంది, గూడు బాగా పండిన గుర్తుగా. తోట ఉంచుతున్నానంది.

ఆమె వెళ్లాక పినాకపాణి వసారాలోకొచ్చాడు. ఫకీరప్ప పికప్పు అద్దం తుడుస్తున్నాడు. ఇద్దరూ కాసేపు ఆ ఫ్లెక్సీని చూస్తూ నిలబడ్డారు. దానిగుండా జాలీ, జాలీ వెనక రేడియేటరు, శుభ్రంగా కనబడుతున్నాయి.

“సార్, తప్పుగా అనుకోవద్దండి,” అన్నాడు ఫకీరప్ప. “ఇన్నేండ్లలో మీరు ఎన్నో రాసినారు. రాయకుండా ఇడిసిపెట్టిందొకటే పనికొచ్చింది.”

పినాకపాణి తప్పుగా అనుకోలేదు. ఆ మాట బాగా కుదిరిందని డైరీ తీశాడు. రెండు క్షణాలు ఆలోచించి, రాయకుండానే జేబులో పెట్టుకున్నాడు.